పత్రి పాఠం చెప్పబోయే అమ్మాయికి

అమ్మా, ఆశీస్సులు.

పవిత్ర వృక్షాల కోర్సు నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. దాన్ని జులై సెమిస్టరులోనే పెట్టించు. వినాయక చవితి, బతుకమ్మ, దసరా జమ్మి, కార్తీక ఉసిరి అన్నీ అప్పుడే వరసగా వస్తాయి. ముందుగా అధికమాసం వచ్చిన ఏడాది పండగలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి పంచాంగం పక్కన పెట్టుకుని పాఠాలు అమర్చుకో.

మొదటి నాలుగు వారాలు సిద్ధాంతాల జోలికి వెళ్లకు. చవితి పూజలోని 21 పత్రి పేర్లు రాసిచ్చి, ఒక్కొక్కరికి ఒక్కో ఆకు అప్పగించు. సంస్కృత నామం, ఊళ్లో పిలిచే పేరు, శాస్త్రీయ నామం మూడూ ఒకే మొక్కవని తేలాకే దాని మహిమ గురించి రాయనివ్వు. అపామార్గం అంటే ఉత్తరేణి, సింధువారం అంటే వావిలి, వీటితో ఇబ్బంది లేదు. విష్ణుక్రాంతం దగ్గరే చిక్కు. కొందరు నేల మీద పాకే చిన్న నీలిపూల మొక్కను చూపిస్తారు, కొందరు శంఖపుష్పాన్ని. ఏది ఎవరు చూపించారో రెండూ రాసుకోవాలి. దేవదారు హిమాలయాల చెట్టు. ఆ పేరుతో మన బజార్లో ఏ ఆకు అమ్ముతున్నారో కొని తెచ్చి చూడండి.

జమ్మికి ఒక పూట పూర్తిగా కేటాయించు. తెలంగాణ రాష్ట్ర వృక్షమే అయినా, సర్కారు తుమ్మ కొమ్మ తెచ్చి జమ్మి అనేవాళ్లుంటారు. బంగారమని పెద్దల చేతిలో పెట్టే ఆకు విషయంలో ఆ పొరపాటు జరగకూడదు. ముల్లు చూడమను. సర్కారు తుమ్మకు కణుపు దగ్గర జంటగా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య పొట్టిగా, చెదురుమదురుగా ఉంటాయి.

ఆరబెట్టి దాచుకునే నమూనాకు 30 సెంటీమీటర్ల కొమ్మ కావాలి, పువ్వో కాయో ఉండాలి. ఉత్త ఆకుతో చాలా మొక్కలు తేలవు. పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టాక, మొదటి మూడు రోజులు రోజూ పేపరు మార్చాలి. వానాకాలం తేమకు మార్చకపోతే బూజు పడుతుంది. గుడి చెట్టు కొమ్మ మాత్రం విరవొద్దు, ఫొటో చాలు. ఉమ్మెత్త, గన్నేరు విషం, నోట్లో పెట్టనివ్వకు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

రావిచెట్టు రాత్రి ఆక్సిజన్ ఇస్తుందని ఎవరో ఒకరు తప్పక రాస్తారు. వెలుతురు లేనిదే ఆకు ఆక్సిజన్ వదలదని అక్కడే చెప్పు. ప్రదక్షిణ చేసే మనిషి భక్తికి ఆ ఊతకర్ర అక్కర్లేదు.

పత్రి అమ్మే ఆమెను కలవాలంటే చవితికి రెండు రోజుల ముందే వెళ్లండి. పండగనాడు ఆమెకు ఊపిరి సలపదు. ముందు ఒక కట్ట కొని, ఏ ఆకు ఎక్కడ కోశారో ఆ తర్వాత అడగండి.