అస్థాలిన్ ఇన్‌హేలర్ రోజూ వాడితే అలవాటైపోతుందా?

అస్థాలిన్ అంటే ఉబ్బసంలో ఆయాసాన్ని త్వరగా తగ్గించే సాల్బుటమాల్ మందు. అది మత్తుమందులా అలవాటు కాదు. ఆ భయంతో ఆయాసం వస్తున్నా ఓర్చుకుని కూర్చోవడమే ప్రమాదం. అయితే రోజూ ఎందుకు అవసరం పడుతోందో తేల్చుకోవాలి. సాధారణంగా కారణాలు రెండు: మందు ఊపిరితిత్తులదాకా చేరకపోవడం, లేదా లోపలి వాపుకి మందు వాడకపోవడం.

మొదటిది తెలుసుకోవడానికి, ఈసారి అవసరమైనప్పుడు అద్దం ముందు పఫ్ తీసుకోండి. నొక్కగానే నోటి పక్కనుంచో ముక్కులోంచో తెల్లటి పొగ వచ్చిందంటే మందు గాల్లో కలిసిపోయినట్టే. సరైన పద్ధతి ఇదీ: డబ్బా బాగా కుదపాలి. కొత్తదైతే, లేదా వారం పైగా వాడకపోతే, ముందు రెండు పఫ్‌లు గాల్లోకి వదలాలి. ఊపిరంతా మెల్లగా వదిలేసి, ఇన్‌హేలర్ మూతిని పెదాలతో బిగించి, పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కాలి. నాలుగైదు సెకన్లు నిదానంగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. రెండోది కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి తీసుకోవాలి. ఒకే ఊపిరిలో టకటకా రెండుసార్లు నొక్కకూడదు. రొటాహేలర్‌ది పొడి మందు, దాన్ని గట్టిగా, వేగంగా పీల్చాలి. అందులోకి ఊదితే పొడి తడిసి ముద్ద కడుతుంది.

నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం లాంటి డబ్బా) కొనండి. అది పిల్లలకే అనుకోవడం తప్పు. సబ్బునీళ్లలో కడిగి అలాగే ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే స్థిరవిద్యుత్తు పుట్టి మందు లోపలి గోడలకే అంటుకుంటుంది. ఇవేవీ చూపించకుండా డబ్బా చేతిలో పెట్టి పంపేసే మందుల షాపులను చూస్తే బాధేస్తుంది.

‘ఇన్‌హేలర్ ఆఖరి దశ మందు, మాత్ర నయం’ అనే మాట ఇంకా వినిపిస్తోంది. ఒక పఫ్‌లో సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. 4 మిల్లీగ్రాముల మాత్ర అంటే 40 పఫ్‌ల మందు ఒళ్లంతా తిరుగుతుంది. చేతుల వణుకు, గుండెదడ ఎక్కువ, ఉపశమనం ఆలస్యం.

రెండో కారణం ఇంకా ముఖ్యం. సాల్బుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాలను నాలుగు నుంచి ఆరు గంటలు వదులు చేస్తుందంతే, వాపు అలాగే ఉంటుంది. అందుకే ఉబ్బసానికి దీన్నొక్కదాన్నే వాడొద్దని 2019 నుంచి గినా (ఉబ్బసంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంస్థ) మార్గదర్శకాలు చెబుతున్నాయి. 200 పఫ్‌ల డబ్బాలు ఏడాదికి మూడు అయిపోతున్నాయంటే తీవ్రమైన ఉబ్బసం దాడి ముప్పు పెరిగినట్టే. రోజుకి రెండు పఫ్‌లంటే ఏడాదికి 730, ఆ హద్దు దాటేశారు. డాక్టర్‌ని కలిసి బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ గురించి అడగండి. అది పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. మృగశిర కార్తెకి చేప మందు మింగామని ఈ స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ని మాత్రం ఆపకండి.

దాడి వస్తే కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కో పఫ్‌కి నాలుగు ఊపిరుల చొప్పున నాలుగు పఫ్‌లు ఇవ్వండి. నాలుగు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా అలాగే ఇస్తూ ఉండండి. మాట పూర్తిచేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా ముందే ఫోన్ చేయాలి.

మైగ్రేన్‌కి ప్రొప్రనలాల్, గ్లకోమాకి (నీటికాసులకి) టిమోలాల్ చుక్కలు రాసే డాక్టర్‌కి ఉబ్బసం ఉందని తప్పక చెప్పండి. కంట్లో వేసిన చుక్క కూడా శ్వాసనాళాలను బిగించగలదు, సాల్బుటమాల్‌ని పనిచేయనివ్వదు.