యుద్ధాల బోర్డు గేములు ఆడేవారు కొన్నేళ్లకు పెద్ద ఆటలు వదిలి చిన్న ఆటలకు ఎందుకు మారతారు?

తీరిక లేక అని అందరూ రాస్తున్నారు. నేను ఒప్పుకోను. బడి నుంచి రిటైరయ్యాక నాకు తీరికకు కొదవ లేదు, అయినా పెద్ద పెట్టెలు అటక దిగలేదు. నా విషయంలో కారణం హుద్‌హుద్ తుపాను.

ఓడలో పనిచేసే మా మేనమామ సింగపూరు నుంచి స్క్వాడ్ లీడర్ తెచ్చిచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం మీద 1977లో వచ్చిన ఆట. నాలుగు పలకల గళ్ల పటాలు, వందలకొద్దీ గోరంత అట్టముక్కలు. నిబంధనలు ఎంత ఎక్కువైతే చరిత్రకు అంత దగ్గర అని నమ్మేవాణ్ని. 1979 నాటి క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా అనే ఆటలో ఇటలీ సైనికులకు మాకరోని ఉడికించుకోవడానికి విడిగా నీళ్లు లెక్కగట్టాలని చదివి నవ్వలేదు సరికదా, దాన్ని కొనాలని డబ్బు దాచుకున్నాను.

విశాఖలో ఆ ఆటలు ఆడటం ఒక శిక్ష. ఫ్యాను వేస్తే స్టాలిన్‌గ్రాడ్ సైన్యం సోఫా కిందికి ఎగిరిపోతుంది. తీసేస్తే చెమట బొట్లు పటం మీద రాలతాయి. సముద్రపు గాలికి అట్టముక్కలు అప్పడాల్లా ఉబ్బుతాయి. ఇక విదేశాల నుంచి తెప్పిస్తే పడే సుంకం గురించి మాట్లాడకపోవడమే మేలు.

2014 అక్టోబరు 12 ఆదివారం తుపాను మా కిటికీ అద్దాలు తీసుకుపోయింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మూడో రాత్రి పై అంతస్తులో ఉండే బాబాయి గారు కొవ్వొత్తి పట్టుకుని దిగివచ్చారు. నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. "మాస్టారూ, మీ దగ్గర ఏవో ఆటలుంటాయటగా?" అన్నారు. తడవకుండా మిగిలింది ఒక్కటే, ఇంగ్లండ్ మీద స్కాట్లండ్ తిరుగుబాటును ఆడించే హామర్ ఆఫ్ ది స్కాట్స్. చిన్నపిల్లల ఆటలా ఉందని నేను చిన్నచూపు చూసినది. ఇందులో సైన్యాలు చెక్క దిమ్మలు. బొమ్మ ఉన్న వైపు మనకే కనిపించేలా నిలబెడతాం, ఎదుటివారికి వీపు మాత్రమే.

నేను స్కాట్ల నాయకుడు వాలెస్ పక్షం, ఆయన ఇంగ్లండ్. సరిహద్దులో నాలుగు దిమ్మలు నిలబెట్టి మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు. ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ అక్కడే ఉన్నాడని నాకు గట్టి నమ్మకం. ఆయన కళ్లద్దాల్లో ఏమైనా కనిపిస్తుందేమోనని తొంగి చూశాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. కొవ్వొత్తి మంట తప్ప ఏమీ లేదు. ఆట ప్రకారం ఏడాదంతా అటు వెళ్లలేదు. చివరికి తెగించి వెళితే, చావుకు సిద్ధంగా ఉన్న కాలిబంట్లు! రాజు అసలు బయలుదేరనే లేదు.

"మీరు ఘాజీ అయిపోయారు మాస్టారూ" అని పగలబడి నవ్వారు. 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మన రేవు దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ చేరింది. దాని పేరుతో ఇక్కడి నుంచి సందేశాలు పంపింది మన మరో యుద్ధనౌక రాజ్‌పుత్. ఘాజీ ఈ సముద్రంలోనే మునిగింది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు నుంచి ఎన్నిసార్లు నడిచినా నాకు తట్టని సంగతి అది. నా పెద్ద ఆటల్లో శత్రువు ప్రతి ముక్కా, దాని బలంతో సహా, నా కళ్లెదుటే ఉండేది. ఏ సేనానికి అంత భాగ్యం దక్కింది? మాకరోని నీళ్లు లెక్కపెట్టి అదే చరిత్ర అనుకున్నాను.

అందుకే మన యుద్ధాలకు ఈ దిమ్మల పద్ధతే సరి అంటాను. 1757 బొబ్బిలి చూడండి. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు కోట పడ్డాక వచ్చి, దాని మీదికి దండెత్తిన విజయనగరం రాజు విజయరామరాజును డేరాలోనే చంపాడు. ఇంతకన్నా మంచి ఆట ఎక్కడ దొరుకుతుంది? కంచరపాలెంలో వడ్రంగి చేత అరవై దిమ్మలు కోయించి నేనే మొదలుపెట్టాను. కొలత ఇచ్చినా ఆయన చేతి తీరు ఆయనది. పాపారాయుడి దిమ్మ మిగతావాటికన్నా నూలు వాసి ఎత్తు వచ్చింది. ఎక్కడ దాచినా బాబాయి గారు ఇట్టే పట్టేస్తున్నారు.