లీవరు పట్టేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు మార్చాలా?

ప్రశ్న: నా దగ్గర పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉంది. తోటల నుంచి కాఫీ బస్తాలు దించడానికి వాడుతున్నాను. వానల్లో మట్టిదారిలో ఫోర్ వీల్ వేసుకుని, తారు రోడ్డు ఎక్కాక తీద్దామంటే లీవరు కదలడం లేదు. స్టీరింగు బరువెక్కుతోంది, టైర్లు త్వరగా అరుగుతున్నాయి. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిను శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) పోయిందనీ, సెకండ్‌హ్యాండుది తెచ్చి వేయాలనీ మెకానిక్కు అంటున్నాడు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: ఇప్పుడే మార్చవద్దు. మీరు చెప్పిన బాధ ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర బయటపడుతున్నది గానీ, పుట్టేది అక్కడే కానక్కరలేదు. మీ జీపులో ఉన్నది పార్ట్ టైమ్ పద్ధతి. లీవరు వేయగానే ముందు, వెనుక చక్రాలకు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ ఒకదానికొకటి బిగిసి ఒకే వేగంతో తిరుగుతాయి. వాటి మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడవాలి. బురదలో అయితే ఆ తేడా మేరకు టైరు జారి సర్దుకుంటుంది. తారు మీద జారే వీలు లేక, ఆ మెలి అంతా షాఫ్టుల్లోనూ గేర్లలోనూ పేరుకుని లీవరును పట్టేస్తుంది. కాబట్టి తారు ఎక్కక ముందే, చక్రాల కింద మట్టి ఉండగానే లీవరు తీసేయండి. ఒకవేళ పట్టేస్తే దాన్ని బలవంతంగా లాగవద్దు. స్టీరింగు తిన్నగా పెట్టి, కొద్ది దూరం వెనక్కి నడిపితే చాలాసార్లు వదిలేస్తుంది.

తిన్నటి దారిలోనూ పట్టేస్తుంటే ముందుగా టైర్లు కొలవండి. నాలుగింటిలోనూ గాలి సరిచేసి, టైరు నేలను తాకే చోట సుద్దతో గీత పెట్టి, బండిని సరిగ్గా ఒక చుట్టు నెట్టి ఆ దూరాన్ని టేపుతో కొలవాలి. అది సుమారు రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు ఉందనుకుందాం. వెనుక కొత్త టైర్లు, ముందు అరిగినవి ఉండి ఒక సెంటీమీటరు తేడా వచ్చినా, కిలోమీటరుకు ముందు చక్రాలు రెండు చుట్లు ఎక్కువ తిరగాలి. ఆ రెండు చుట్ల భారాన్నీ మోసేది మీరు మార్చబోతున్న ట్రాన్స్‌ఫర్ కేసే.

టైర్లు సరిపోతే అప్పుడు ఆక్సిల్ (చక్రాల ఇరుసు) లోపలి క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్నీ, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న చక్రాన్నీ చూడాలి. పాత జీపుల విషయంలో నాకు ఎక్కువ భయం ఇక్కడే. క్రౌన్ పోయినప్పుడు దొరికిన ఆక్సిల్ తెచ్చి బిగించేస్తారు. ఒకదానిలో క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8, ఇంకోదానిలో క్రౌన్‌కు 39, పినియన్‌కు 8 ఉంటే తేడా పది శాతం దాకా వస్తుంది. టూ వీల్‌లో ఏళ్ల తరబడి తెలియని ఈ తేడా, ఫోర్ వీల్ వేసిన రోజున గేర్లను తినేస్తుంది. తెలుసుకోవడానికి ఏదీ విప్పనక్కరలేదు. గేరు న్యూట్రల్‌లో, లీవరు టూ వీల్‌లో ఉంచి, ఒక చక్రాన్ని జాకీ మీద లేపి రెండు పూర్తి చుట్లు తిప్పుతూ, ఆ ఆక్సిల్‌కు వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టించండి. మొదటి రకానికి అయిదు చుట్లు దాటి మూడో వంతుకు పైగా తిరుగుతుంది, రెండో రకానికి అయిదుకు కాస్త తక్కువే తిరుగుతుంది. ముందు ఆక్సిల్‌కు లాకింగ్ హబ్బులు (చక్రాలను ఆక్సిల్‌కు కలిపే, విడదీసే బిగింపులు) ఉంటే వాటిని లాక్‌లో పెట్టి చూడాలి. పాత జీపులు చాలావాటిలో హ్యాండ్ బ్రేకు చక్రాలను గాక వెనుక షాఫ్టునే పట్టుకుంటుంది కనుక, దాన్ని వదిలి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు గట్టిగా అడ్డం పెట్టి గాని ఈ పని మొదలుపెట్టవద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా లీవరు పట్టేస్తుంటే అప్పుడు కేసు విప్పించవచ్చు. అప్పుడైనా వంగిన ఫోర్కు (లీవరుతో గేర్లను జరిపే ముక్క), అరిగిన బేరింగు, ఆయిల్ సీలు విడిగా మార్చుకుంటే సరిపోతుందేమో చూడాలి. షాఫ్టులు దించే ముందు రెండు ముక్కలు కలిసే చోట రంగుతో గుర్తు పెట్టించడం మరవకండి. ఎదురుబొదురుగా ఉండాల్సిన జాయింట్లు తప్పి బిగిస్తే బండి అదురుతుంది. వాగులు దాటే బండి కాబట్టి ఆక్సిళ్లలో ఉండే డిఫరెన్షియల్ ఆయిలు కూడా చూపించండి. పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరినట్టే.

ప్రశ్న: మాది కొలరాడో. మా సుబారు ఆల్ వీల్ డ్రైవ్ కారు టైరు ఒకటి చిరిగింది. నాలుగూ మార్చాలని షాపువాళ్లు అంటున్నారు. అవసరమా?
– ఒక పాఠకురాలు, డెన్వర్

జవాబు: వారు చెప్పేది పూర్తిగా అమ్మకం మాట కాదు. ఆ కారులో నాలుగు చక్రాలూ ఎప్పుడూ శక్తి అందుకుంటాయి కనుక, టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళం దాటకూడదని కంపెనీయే చెబుతుంది. టైరు మీది గాడుల లోతులో చూస్తే అది ఒక మిల్లీమీటరు మాత్రమే. మిగిలిన మూడూ దాదాపు కొత్తవైతే ఒకటి మార్చుకుంటే చాలు. సగం అరిగినవైతే, అదే రకం కొత్త టైరును వాటి లోతుకు సమానంగా చెక్కి ఇచ్చే దుకాణాలు అమెరికాలో ఉన్నాయి. నాలుగూ కొనే ముందు అక్కడ అడిగి చూడండి.