కేస్ షీట్ల ఫొటోలు పత్రికలో వేయించవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం గాజువాక. 2021 మేలో మా బావగారు కొవిడ్‌తో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆరు రోజులుండి కన్నుమూశారు. నాలుగు లక్షలు కట్టించుకుని సగానికే రసీదు ఇచ్చారు. మా కాలనీ సంక్షేమ సంఘం ఇలాంటి 31 కుటుంబాల మాటలను ఫోన్లలో రికార్డు చేసింది. ఆస్పత్రిపై ఏ చర్య తీసుకున్నారని సంఘం లెటర్‌హెడ్‌పై కార్యదర్శిగా నేను సమాచార హక్కు దరఖాస్తు పెడితే తిరస్కరించారు. అది జరిగి ఏడు నెలలైంది. అక్కడ పనిచేసి మానేసిన ఒకాయన కేస్ షీట్ల ఫొటోలు ఇస్తానంటున్నాడు. వాటిని మాకు తోడుగా ఉన్న స్థానిక పక్షపత్రికలో పేర్లతో వేయించవచ్చా? వినియోగదారుల కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం ఆ ఆరు రోజుల గురించే ఉంది. దానిపై నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆస్పత్రి మీద ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చిన ధ్రువీకృత కాగితం ఒక్కటైనా మీ చేతిలో ఉందా అన్నదే ఈ వ్యవహారాన్ని తేలుస్తుంది. ప్రస్తుతానికి లేదు, అందుకు బాధ్యత చాలావరకు మీదే.

సమాచార హక్కు చట్టం సెక్షన్ 3 సమాచారం కోరే హక్కును పౌరులకు ఇచ్చింది. సంఘం పేరుతో, కార్యదర్శి హోదాలో దరఖాస్తు పెట్టి, తిరస్కరించడానికి అధికారికి మీరే దారి చూపించారు. పోనీ, జవాబు అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు కదా! 31 ఇళ్ల వాళ్లు మిమ్మల్ని నమ్మి మాట్లాడితే, ఆ ఉత్తరాన్ని ఏడు నెలలు ఫైల్లో ఉంచడం క్షమించదగిన అలసత్వం కాదు. అదృష్టవశాత్తూ అదే సమాచారాన్ని మీ సొంత పేరుతో మళ్లీ కోరడానికి అడ్డంకి లేదు.

వినియోగదారుల కేసుకు 2019 చట్టం సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి మినహాయించింది గనుక, మీ రెండేళ్లు 2022 మార్చి 1న మొదలై 2024 ఫిబ్రవరి నెలాఖరుతో ముగిశాయి. ఆలస్యాన్ని మన్నించమని మీ సోదరి వారసురాలిగా కోరవచ్చు, కానీ తగిన కారణం చూపాలి. సంఘం పనుల్లో ఉన్నామంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోదు. పైగా ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యులు మూడేళ్లు భద్రపరిస్తే చాలునని, కుటుంబం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నిబంధనలు చెబుతున్నాయి. ఆ మూడేళ్లలో ఒక్క లేఖ రాసి ఉంటే కేస్ షీటు ఈపాటికి మీ బీరువాలో ఉండేది.

ఇప్పుడు ఆ ఫొటోల సంగతి. వాటిని ముట్టుకోవద్దు, పత్రికలో అసలే వేయించవద్దు. అవి ఇతర రోగుల రహస్యాలు; ఆ కుటుంబాల అనుమతి మీకు లేదు. పరువునష్టం కేసు వేస్తే, రాసింది నిజమనీ ప్రజాహితం కోసమేననీ రుజువు చేసుకోవలసింది మీరు, సంపాదకుడు. ఎక్కడివో చెప్పలేని ఫొటోలతో అది సాధ్యం కాదు. ఇచ్చినవాడి పేరు దాచే హక్కు చట్టంలో ఉందని చాలామంది విలేకరులు నమ్ముతారు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం ఇచ్చిన ఆ రక్షణ, పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఎదుట మాత్రమే వర్తిస్తుంది. న్యాయస్థానంలో దాన్ని నమ్ముకోలేరు. చిన్న పత్రిక ఒక్క కేసుకే మూతపడవచ్చు, అప్పుడు మీ 31 కుటుంబాల మాట వినిపించే చోటే ఉండదు.

అదే విషయం ప్రభుత్వ రికార్డు నుంచి వస్తే పత్రిక నిలబడే నేల వేరు. ప్రజా రికార్డుల ఆధారంగా చేసిన ప్రచురణను గోప్యత పేరుతో ఆక్షేపించరాదని సుప్రీంకోర్టు 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో చెప్పింది. కాబట్టి జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయానికి పది రూపాయల రుసుముతో మీ పేరున దరఖాస్తు పెట్టండి. ఆ కాలంలో ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రుల కొవిడ్ చికిత్సకు గరిష్ఠ ధరలు నిర్ణయించి తనిఖీలు చేయించింది. ఆ ఆస్పత్రిపై వచ్చిన ఫిర్యాదులు, తనిఖీ నివేదికలు, నోటీసులు, జరిమానా ఉత్తర్వులు, వాటిపై ఫైలు నోట్ల ధ్రువీకృత నకళ్లు కోరండి, ఫైలు స్వయంగా చూసే అవకాశమూ అడగండి. రోగుల పేర్లు మాత్రం అడగవద్దు. వ్యక్తిగత సమాచారం మినహాయింపు ఇటీవలి సవరణతో మరింత కఠినమైంది గనుక, ఆ ఒక్క మాటతో మొత్తం దరఖాస్తును తోసేస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా, తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. ఈ తేదీలను ఈసారి గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

ఆ జవాబు వచ్చేలోగా రికార్డు చేసిన ఫోన్లను అమ్మవద్దు, అందులోవి చెరిపివేయవద్దు. ఏ పరికరంలో, ఎలా రికార్డు చేశారో తెలిపే 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 ధ్రువపత్రం లేకుండా పెన్‌డ్రైవ్ నకలును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. రసీదు ఇవ్వని సొమ్ము ఖాతా నుంచి వెళ్లి ఉంటే ప్రతి కుటుంబమూ ఈ వారంలోనే బ్యాంకు స్టేట్‌మెంటు తీయించాలి. లావాదేవీల రికార్డులను ఐదేళ్లు ఉంచడమే బ్యాంకుల కనీస బాధ్యత. 2021 మే లావాదేవీలకు ఆ తర్వాత భరోసా లేదు.