లవం చూశావు, హారం ఏది?

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కూలీల హాజరు రాసిన పాత మస్టర్ రోల్స్ ముందు కూర్చుని ఒక్కో పేరూ ఓపిగ్గా ఎత్తి రాసుకున్నావంటే ఈ పని మీద నీకెంత ఇష్టమో తెలుస్తూనే ఉంది. ఉత్తరం చివర్లో, "నాకు లెక్కలంటే టెన్షన్. కూలీల చరిత్ర రాయడానికి ఇన్ని అంకెలు అవసరమా?" అని అడిగావు. అవసరమే. ఎందుకో నీ వ్యాసంలోంచే చూపిస్తాను.

మొదటి పేజీలో "చాలామంది కూలీలు వలస వచ్చినవాళ్లే" అన్నావు. కాస్త కిందికొస్తే "ఆడవాళ్లకు సాధారణంగా తక్కువ కూలి దక్కేది" అని ఉంది. ఆ తర్వాతి పేజీలో "క్రమంగా పరిస్థితి మెరుగుపడింది" అని రాశావు. చాలామంది, సాధారణంగా, క్రమంగా. ఇవన్నీ లెక్కలే కదమ్మా, కాకపోతే వివరం చూపించని లెక్కలు. నూటికి 55 మందైనా చాలామందే, 95 మందైనా చాలామందే. కానీ ఆ రెండూ ఒకే రకం సమాజాలు కావు. నువ్వు ఏది చెప్తున్నావో చదివేవాళ్లకు తెలియదు, సరిచూసుకునే దారీ లేదు. అదే అంకె వేశావనుకో, తప్పయితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. అలా పట్టుబడే వీలు ఉంచి రాయడం చరిత్రకారుల మొదటి మర్యాద అని నేననుకుంటాను.

లెక్క పెట్టకుండా వదిలేస్తే ఏమవుతుందో అట్లాంటిక్ బానిస వ్యాపారం విషయంలో బాగా తెలుస్తుంది. ఆఫ్రికా నుంచి అమెరికా ఖండాలకు కోటిన్నర మందిని తెచ్చారని ఏళ్ల తరబడి ఒకరిని చూసి ఒకరు రాస్తూ వచ్చారు. 1969లో ఫిలిప్ కర్టిన్ అనే చరిత్రకారుడు ఆ అంకె ఎక్కడ పుట్టిందో వెనక్కి తవ్వుకుంటూ వెళ్లాడు. ఈ పుస్తకానికి ఆధారం ఆ పుస్తకం, దానికి ఇంకోటి. తీరా చూస్తే మొదట్లో ఉన్నది 1860ల నాటి ఒక అమెరికన్ వేసిన ఉజ్జాయింపు. కర్టిన్ తాను అన్నీ కూడి చూసుకుని, చేరినవాళ్లు దాదాపు 96 లక్షలని తేల్చాడు. అక్కడితో ఆగలేదు. తర్వాత డేవిడ్ ఎల్టిస్ అనే చరిత్రకారుడు, ఆయనతో పనిచేసినవాళ్లు ఓడల రికార్డులు ఒక్కొక్కటే పోగేశారు. 36 వేలకు పైగా ప్రయాణాలు. వాటి మీద ఆధారపడి ఇప్పుడు చెప్పే అంచనా ఇది: ఓడ ఎక్కించినవాళ్లు సుమారు 1 కోటీ 25 లక్షలు, ప్రాణాలతో దిగినవాళ్లు సుమారు 1 కోటీ 7 లక్షలు. తీసివేసి చూడు. 18 లక్షల మంది దారిలోనే పోయారు. "అంకెల్లో మనిషి మాయమైపోతాడు" అని నీ ఉత్తరంలో రాశావే, ఇక్కడ ఆ మనుషుల్ని బయటికి తెచ్చింది ఒక తీసివేత.

అయితే అంకె వేసేస్తే పనైపోయినట్టు కాదు. ఈ ఉత్తరంలో నేను నీకు గట్టిగా చెప్పదలుచుకున్న సంగతి ఇక్కడే ఉంది. బళ్లో భిన్నాలు నేర్చుకున్నప్పుడు పైన లవం, కింద హారం అని చెప్పారు కదా. పాత కాగితాలు మన చేతికి ఇచ్చేది లవాన్నే. ఎంతమంది అప్పు చేశారు, ఎంతమంది పని మానేశారు, ఎంతమందికి జరిమానా పడింది. మొత్తం ఎంతమందిలో అన్నది మాత్రం ఆ కాగితం చెప్పదు. అది మనం వేరేచోట వెతుక్కోవాలి, దొరకకపోతే దొరకలేదని రాయాలి.

రాబర్ట్ ఫోగెల్ పేరు వినే ఉంటావు. ఆర్థిక చరిత్రలోకి గణాంక పద్ధతుల్ని తెచ్చినందుకు 1993లో డగ్లస్ నార్త్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. ఆయన, స్టాన్లీ ఎంగర్‌మన్ కలిసి అమెరికా దక్షిణాది బానిసత్వం మీద 1974లో ఒక పుస్తకం వేశారు. అందులో లూసియానాలోని బెనెట్ బారో అనే తోట యజమాని డైరీ ప్రస్తావన ఉంది. ఎవరిని ఏ తప్పుకు కొరడాతో కొట్టించాడో ఆ యజమాని జాబితా రాసి పెట్టుకున్నాడు. రెండేళ్లలో 160 సార్లు. తోటలో సుమారు 200 మంది బానిసలు, వాళ్లలో పనిచేసేవాళ్లు 120 మంది అనుకుని ఈ ఇద్దరూ భాగించారు. మనిషికి ఏడాదికి 0.7 అని వచ్చింది. ఆ అంకె చూస్తే ఏమనిపిస్తుంది? ఏడాదికి ఒక్కసారి కూడా లేదే, అనిపిస్తుంది.

అదే జాబితాను హెర్బర్ట్ గట్‌మన్ అనే ఇంకో చరిత్రకారుడు ఇంకోలా భాగించాడు. మనుషులతో కాకుండా రోజులతో. రెండేళ్లంటే 730 రోజులు, శిక్షలు 160. అంటే నాలుగున్నర రోజులకోసారి ఎవరో ఒకరి మీద కొరడా లేచింది. కొట్టించుకున్నది ఒక్కరే అయినా, ఆ చప్పుడు విన్నది తోటంతా. భయపెట్టి పని చేయించుకునే చోట అసలు విషయం అదే కదా. పైగా ఆ 200 అన్నది తర్వాతి కాలపు లెక్క, జాబితా రాసిన రోజుల్లో తోటలో అంతమంది లేరని కూడా గట్‌మన్ చూపించాడు. చూశావా, 160 మారలేదు. కింద పెట్టిన అంకె మారేసరికి చరిత్రే మారిపోయింది. కూడికలు, భాగహారాలు రెండువైపులా సరిగానే ఉన్నాయి. ఏ ప్రశ్నకు ఏ హారం పెట్టాలన్నది గణితం చెప్పదు. తోటలో బతికినవాళ్ల కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. అందుకే లెక్కలంటే భయపడేవాళ్లు కూడా ఈ పనికి కావాలని అంటాను.

ఇప్పుడు నీ మస్టర్ రోల్ దగ్గరికి వద్దాం. నువ్వు ఏడాదిలో ఒక రోజు ఎంచుకుని, ఆ రోజు పేర్లన్నీ తీసి, "సగం మంది ఏడాది పొడవునా పనిలో ఉన్నవాళ్లే, పని నిలకడగా ఉండేది" అని తేల్చావు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒకచోట 20 మందికి పని ఉందనుకో. పదిమంది ఏడాదంతా ఉన్నారు. మిగతా పది చోట్లా నెలకోసారి మనుషులు మారిపోయారు. ఏ రోజు మస్టర్ తీసినా సగం మంది స్థిరంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఏడాదిలో ఆ పనిలోకి వచ్చిన మొత్తం మనుషులు 130 మంది. వాళ్లలో ఏడాదంతా ఉన్నది పదిమందే, నూటికి ఎనిమిది మంది కూడా లేరు. ఒక్క రోజును పట్టుకుంటే ఎక్కువకాలం ఉన్నవాళ్లే మన కంట పడతారు. వచ్చి వెళ్లిపోయిన 120 మంది కథ జారిపోతుంది. నీ దగ్గర ఏడాది మొత్తం రోల్స్ ఉన్నాయి కాబట్టి ఒక్కో మనిషికి ఎన్ని రోజులు పని దొరికిందో తీసి చూడు. వ్యాసం అడ్డం తిరిగినా సరే, చూడు.

రోజుల లెక్క ఇంకో సంగతికి కూడా కావాలి. పాత రిజిస్టర్లలో దొరికేది ఎక్కువగా రోజు కూలి. ఏడాది రాబడి తెలియాలంటే దాన్ని ఎన్ని రోజులతో గుణించాలి? యూరప్ కూలీల మీద ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ చేసిన ప్రసిద్ధమైన పనిలో ఏడాదికి 250 రోజులని అనుకున్నారు. ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. జేన్ హంఫ్రీస్, జేకబ్ వైస్‌డోర్ఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండులో ఏడాది ఒప్పందం మీద పనిచేసినవాళ్ల జీతాలు తీసి చూస్తే, జీవన స్థాయి చరిత్ర వేరే ఆకారంలో కనిపించింది. ఆ పెద్దవాళ్లకు దొరకని రోజుల లెక్క నీ మస్టర్ రోల్‌లో, కనీసం ఆ ఒక్క పని వరకైనా, టిక్కుల రూపంలో ఉంది. అది ఎంత విలువైనదో నీకు ఇంకా తెలిసినట్టు లేదు.

ఎవరు లెక్కలోకి రాలేదన్నది కూడా హారం ప్రశ్నే. సైన్యం రికార్డుల్లో ఎత్తులు దొరుకుతాయి, వాటితో జనం తిండి ఎలా ఉండేదో అంచనా కడతారు. కానీ ఒక ఎత్తు కన్నా తక్కువ ఉన్నవాళ్లను సైన్యం వెనక్కి పంపేది. బయట మంచి కూలి దొరికే కాలంలో సైన్యంలో చేరేవాళ్ల తీరే మారిపోయేది. ఇంగ్లండు 1881 జనాభా లెక్కల్లో ఇంటి పనిచేసే భార్యల్ని వృత్తి లేనివాళ్ల గుంపులోకి మార్చారు. ఆ ఆడవాళ్లు ముందురోజు చేసిన పనే మర్నాడూ చేశారు. మారింది గుమస్తా రాసే గడి ఒక్కటే. నీ రిజిస్టర్‌లో భర్త పేరు పక్కన "ఇద్దరు" అని ఉన్న ఎంట్రీలు కొన్ని ఉన్నాయని రాశావు. ఆ రెండో మనిషి ఎవరు? నీ ఆడ కూలీల లెక్కలో ఆమె చేరిందా? నాకైతే వ్యాసం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే అనిపించింది.

జిల్లాల వారీ పట్టికల్ని పక్కపక్కన పెట్టి మనుషుల గురించి తేల్చడం గురించి అడిగావు. జాగ్రత్త. 1930 అమెరికా జనాభా లెక్కలతో డబ్ల్యు. ఎస్. రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లో ఎందుకో చూపించాడు. రాష్ట్రాలవారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న చోట నిరక్షరాస్యత తక్కువ. మనుషులవారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్లలోనే నిరక్షరాస్యత ఎక్కువ. వలస వచ్చినవాళ్లు చదువు బాగా ఉన్న రాష్ట్రాలకు వెళ్లి స్థిరపడ్డారు, అదీ సంగతి. జిల్లా పట్టిక జిల్లా గురించి చెప్తుంది. మనిషి గురించి కావాలంటే మనిషి ఉన్న కాగితానికే వెళ్లాలి.

ఇక చేతిపని. ఎక్సెల్‌లో ఒక వరుసకు ఒక ఎంట్రీ. రిజిస్టర్‌లో పేరు, వృత్తి ఎలా రాసి ఉంటే అలాగే, అక్షరం మార్చకుండా ఎక్కించు. నువ్వు చేసే వర్గీకరణ పక్కన ఇంకో కాలమ్‌లో పెట్టు. ఇవాళ "మోతకూలీ" కింద వేసినవాణ్ణి ఆరు నెలల తర్వాత వేరే గుంపులోకి మార్చాలనిపిస్తుంది, అప్పుడు అసలు మాట చెరిగిపోయి ఉంటే ఏం చేస్తావు? ప్రతి వరుసకూ ఏ రిజిస్టర్, ఏ పేజీ అన్నది రాసుకో. ఖాళీ గడిని సున్నాగా మార్చకు. సున్నా అంటే కూలి ఇవ్వలేదని, ఖాళీ అంటే మనకు తెలియదని. వయసులు ఎక్కించాక చివరి అంకెలు ఒకసారి లెక్క పెట్టు. 30, 35, 40 దగ్గర కుప్పలుగా పడితే వాళ్ల వయసు గుమస్తా చూసి వేశాడనో, వాళ్లే ఉజ్జాయింపుగా చెప్పారనో అర్థం. ఆ కుప్పలు కూడా చరిత్రే, జనానికి అంకెలతో ఎంత పరిచయమో కొలవడానికి పరిశోధకులు వాటినే వాడుతున్నారు. రిగ్రెషన్ వగైరా పెద్ద గణాంక పద్ధతులు తర్వాత నేర్చుకోవచ్చు, తొందరేం లేదు. సగటుతో పాటు మధ్యగతం, అంటే వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో పడే అంకె, తీయడం వస్తే ఈ వ్యాసానికి చాలు.

రాసేటప్పుడు మాత్రం పట్టికను పేరాలోకి ఒంపెయ్యకు. ఒక పేరాకు ఒక అంకె, మహా అయితే రెండు. 43.27 శాతం అని రాయకు, నీ రిజిస్టర్‌లో సగం పేజీలు చిరిగిపోయాయని నువ్వే చెప్పావు. అలాంటిచోట రెండు దశాంశాలు అబద్ధం చెప్తాయి. "నూటికి 40 నుంచి 45 మంది" అను, ఎందుకు అంత అంతరం ఉందో ఒక వాక్యంలో చెప్పు. అంకె పక్కనే ఒక మనిషిని నిలబెట్టు. మూడు వారాలు పనిచేసి రోల్‌లోంచి మాయమై, మళ్లీ కోతలయ్యాక కనబడిన ఆ కూలీ గురించి నువ్వు ఫుట్‌నోట్‌లో రాశావు చూడు, ఆ మనిషిని పైకి తీసుకురా. అలాంటివాళ్లు ఎంతమందో పక్కనే చెప్పు.

తిరగరాశాక వ్యాసం ఒక్కటే పంపకు, ఎక్సెల్ ఫైలు కూడా పంపు. ముందు అదే తెరుస్తాను. ఆ "ఇద్దరు" ఎంట్రీలకు వేరే రంగు వేసి ఉంచు, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య