డాక్టర్ సలహా: చెల్లిలో ఇంకో మనిషి కనిపిస్తోంది.. హిప్నాటిజంతో తగ్గుతుందా?

ప్రశ్న: మా చెల్లికి 26 ఏళ్లు. ఏడాదిగా అప్పుడప్పుడు ఉన్నట్టుండి గొంతు మారిపోయి చిన్నపిల్లలా మాట్లాడుతోంది. పేరు అడిగితే వేరే పేరు చెబుతుంది. నన్ను అక్కా అనకుండా పేరు పెట్టి పిలుస్తుంది. అరగంటకో గంటకో మామూలు అయిపోతుంది, జరిగింది ఏదీ గుర్తులేదంటుంది. తను కొనని బట్టలు తన బీరువాలో ఎలా వచ్చాయో తెలియడం లేదని ఓసారి ఏడ్చింది. ఇంటర్నెట్‌లో చదివాక ఇది మల్టిపుల్ పర్సనాలిటీ అని అర్థమైంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే మా అమ్మకు రాసిన క్లోనజెపామ్ సగం మాత్ర ఇచ్చేదాన్ని. ఇప్పుడు పూర్తి మాత్ర వేస్తే గానీ పడుకోవడం లేదు. మొన్న చేతి మీద గీతలు చూసి అడిగితే పిల్లి గీరిందేమో అంది. హిప్నాటిజం చేయిస్తే నాలుగైదు సిట్టింగుల్లో ఆ రెండో మనిషి పోతుందా? ఇద్దరిలో అసలు మా చెల్లి ఎవరు? – ఓ అక్క

సమాధానం: మీరు అడిగింది హిప్నాటిజం గురించి. దానికి తర్వాత వస్తాను. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టినవి రెండు: ఆ మాత్ర, చేతి మీద గీతలు.

ముందు మాత్ర సంగతి. క్లోనజెపామ్ డాక్టర్ చీటీ మీద, డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పినన్నాళ్లే వాడాల్సిన మందు. సగంతో మొదలై ఒకటి దాకా వచ్చిందంటే ఒళ్లు దానికి అలవాటు పడుతోందని అనుమానించాలి. ఎన్ని మిల్లీగ్రాముల మాత్రో, ఎన్ని నెలలుగా ఇస్తున్నారో మీరు రాయలేదు. ఇంకో ఇబ్బంది ఉంది. ఈ రకం మందులు వాటంతట అవే మతిమరుపు తెస్తాయి, మత్తుగా ఉంచుతాయి, కొందరిలో ఉద్రేకాన్ని అదుపు తప్పిస్తాయి. తన మీద తనకు స్పృహ తెగిపోయే సమస్య ఉన్నవాళ్లలో ఆ సమస్యను పెంచే ప్రమాదమూ ఉంది. రేపు మీ చెల్లి ‘నాకు గుర్తులేదు’ అంటే అందులో జబ్బు ఎంత, మాత్ర ఎంత అని తేల్చడం డాక్టర్‌కు కూడా కష్టమవుతుంది.

ఇది చదివి ఈ రాత్రి నుంచే మాత్ర ఆపేయకండి. కొన్నాళ్లు వాడిన ఈ మందును ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలి. అప్పటిదాకా మోతాదు పెంచొద్దు. మాత్రలన్నీ లెక్కపెట్టి తాళం వేసిన చోట పెట్టండి, తాళం మీ దగ్గరే ఉండాలి. మద్యం, ఇతర నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మందులు తోడైతే ఊపిరి మందగించి ప్రాణం మీదకు వస్తుంది. ఇంట్లో ఒకరికి రాసిన మందు ఇంకొకరికి ప్రేమతోనే ఇస్తారు, నాకు తెలుసు. నా దగ్గరకు వచ్చే కేసుల్లో ఎక్కువ చిక్కులు తెచ్చేది కూడా ఆ ప్రేమే. దయచేసి ఈ పని మళ్లీ చేయకండి.

ఇక చేతి మీద గీతలు. పిల్లి గీరిందేమో అని తను అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. నిజంగా ఈ జబ్బే అయితే ఒక స్థితిలో ఉన్నప్పుడు చేసుకున్న గాయం ఇంకో స్థితిలో గుర్తుండకపోవచ్చు. ఉదయం లేచి చెయ్యి చూసుకుని తనే భయపడి, ఏదో ఒక కారణం వెతుక్కుని ఉంటుంది. ఈ జబ్బుతో వైద్యం తీసుకుంటున్న వాళ్లలో నూటికి 70 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యకు ప్రయత్నించారని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎమ్-5 చెబుతోంది. అందుకే సూటిగా, శాంతంగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా? నిన్ను నువ్వు గాయపరుచుకుంటున్నావా?’ అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయం. అలా పుట్టదు. అవునన్నా, జవాబు తప్పించినా ఒంటరిగా వదలకండి. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

జబ్బు పేరు విషయానికి వస్తే, ఉత్తరం చదివి నేను తేల్చలేను. ఇంటర్నెట్ చూసి మీరూ తేల్చకండి. 1980లో డీఎస్ఎమ్-3లో మల్టిపుల్ పర్సనాలిటీగా చేరిన ఈ జబ్బును 1994 నుంచి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. స్కిజోఫ్రీనియా వేరు, ఇది వేరు. అయితే రెంటిలోనూ తలలో మాటలు వినపడొచ్చు కాబట్టి పొరబాటు పడే అవకాశం ఉంది. అసలు జబ్బేమిటో తెలిసేలోపు డిప్రెషన్ అని ఒకరు, బైపోలార్ అని ఒకరు వైద్యం చేయడం, అలా ఏళ్లు గడిచిపోవడం చాలామంది విషయంలో జరిగేదే. సినిమాల్లోలా ముఖం, గొంతు మారిపోయి అందరి ముందూ బయటపడే వాళ్లు తక్కువ. ఎక్కువమంది దాచుకుంటారు. మీరు రాసిన వాటిలో నేను రెండుసార్లు చదివింది గొంతు మారడం గురించి కాదు, బీరువాలో బట్టల గురించి. తను చేసిన రోజువారీ పనులే తనకు గుర్తులేకపోవడం రోగ నిర్ధారణలో చాలా ముఖ్యమైన గుర్తు.

అయినా వేరే కారణాలు ముందు తేలాలి. మెదడులో టెంపోరల్ లోబ్ నుంచి వచ్చే మూర్ఛలో కూడా మనిషి ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ, పెదాలు చప్పరిస్తూ, వింతగా ప్రవర్తించి తర్వాత గుర్తులేదంటారు. అది మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో ముగుస్తుంది. అరగంట సేపు పొందికగా మాట్లాడటం దానికి అంతగా సరిపోదు. అయినా న్యూరాలజీ పరీక్ష, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) అవసరమా అన్నది డాక్టర్ చూడాలి. తలకు పాత దెబ్బలు, థైరాయిడ్, మద్యం, ఇతర మత్తు పదార్థాలు, వాడుతున్న మందులు, ఇవన్నీ అడుగుతారు. ఏదీ దాచొద్దు, ముఖ్యంగా క్లోనజెపామ్ సంగతి. డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌ను పట్టిచ్చే రక్త పరీక్ష గానీ స్కానింగ్ గానీ లేవు. 28 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, అది అనుమానం ఎంతవరకు పెట్టుకోవచ్చో చెబుతుంది, అంతే. అనుభవం ఉన్న సైకియాట్రిస్ట్ ఒకటికి నాలుగుసార్లు కూర్చుని మాట్లాడాల్సిందే.

ఈ జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికుల చరిత్రలో చిన్నతనంలో పదేపదే జరిగిన హింస, లైంగిక వేధింపులు, తీవ్రమైన నిర్లక్ష్యం లాంటివి ఉంటాయి. తప్పించుకునే దారి లేని పసివయసులో మనసు ఆ బాధను తనది కానట్టు పక్కకు నెడుతుంది. అదే పదేపదే జరిగితే నేను అనే భావన ఒక్కటిగా కుదురుకోదు. మీ ఇంట్లో ఏదో జరిగిందని నేను అనడం లేదు. అసలు ఈ జబ్బేనో కాదో ఇంకా తెలియదు. మీరు కూడా చెల్లిని కూర్చోబెట్టి ‘చిన్నప్పుడు ఎవరైనా ఏమైనా చేశారా’ అని గుచ్చి గుచ్చి అడగొద్దు. తనంతట తను చెబితే నమ్మకంగా వినండి, వివరాలు లాగొద్దు. ఒకవేళ బాధపెట్టిన మనిషి ఇప్పటికీ ఇంటికి వచ్చిపోతున్నట్టు తెలిస్తే మాత్రం ఆ రాకపోకలు ఆగాలి, డాక్టర్‌కు ఆ విషయం మొదటిరోజే చెప్పాలి.

హిప్నాటిజం విషయం. నాలుగైదు సిట్టింగుల్లో రెండో మనిషిని పంపించేస్తామనే వాళ్ల దగ్గరకు వెళ్లకండి. హిప్నోసిస్‌లో వచ్చే జ్ఞాపకాలన్నీ నిజం కానక్కర్లేదు. జరగనిది కూడా జరిగినంత గట్టిగా నమ్మకం కుదరవచ్చు, దాంతో కుటుంబాలు విడిపోయే పరిస్థితి వస్తుంది. శిక్షణ పొందిన థెరపిస్టులు కొందరు మనసును కుదుటపరచడానికి ఆ పద్ధతులు వాడతారు, కానీ గతాన్ని తవ్వడానికి తొందరపడరు. మానని పుండును గెలికితే ఏమవుతుందో, సిద్ధంగా లేని మనసులో పాత గాయాలు కదిపినా అదే అవుతుంది.

సరైన థెరపీ మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది భద్రత: గాయపరుచుకోవడం తగ్గడం, నిద్ర కుదురుకోవడం, స్పృహ జారుతున్నప్పుడు తనను తాను ఇప్పటి క్షణంలోకి తెచ్చుకోవడం నేర్చుకోవడం, లోపలి స్థితుల మధ్య రాజీ కుదరడం. దీనికే నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. థెరపిస్టు ఏమీ చేయడం లేదని విసుగొచ్చి థెరపిస్టునే మార్చేసే కుటుంబాలు ఇక్కడే తప్పు చేస్తాయి. అది కుదిరాకే రెండో దశలో పాత జ్ఞాపకాల జోలికి, కొద్దికొద్దిగా వెళతారు. మూడోది మామూలు జీవితం అలవాటు చేసుకోవడం. కొందరిలో స్థితులన్నీ ఒక్కటవుతాయి. కొందరిలో కావు, అయినా వాటి మధ్య సర్దుబాటుతో ఉద్యోగం, సంసారం చేసుకుంటారు. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా మందు లేదు. డిప్రెషన్, ఆందోళన, పీడకలలు తోడుగా ఉంటే వాటికి మందులు ఇస్తాం.

అసలు చెల్లి ఎవరని అడిగారు. మీరు చూస్తున్నదంతా మీ చెల్లే. ఆ చిన్నపిల్లను బయటకు గెంటేయాల్సిన మనిషిగా చూస్తే చెల్లిలో ఒక భాగాన్నే గెంటేసినట్టు. అలాగని ఆ పేరు పెట్టి పిలిచి, రమ్మని అడిగి, ఆడించకండి. అరవకండి, పట్టుకుని కుదపకండి. వీడియో తీసి తర్వాత చూపించడం అసలు చేయొద్దు. మామూలు గొంతుతో ‘నేను అక్కని, మనం ఇంట్లో ఉన్నాం, ఇవాళ మంగళవారం, ఇక్కడ నీకేం భయం లేదు’ అని చెప్పండి. పాదాలు నేలకు ఆనించి కూర్చోమనండి, చల్లటి నీళ్ల గ్లాసు చేతికివ్వండి. అలాంటివి వస్తున్నన్నాళ్లు బండి నడపనివ్వద్దు, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉంచొద్దు.

ఏడాదిగా చూస్తూ ఇంటర్నెట్‌లో వెతుకుతూ ఆగారు కదమ్మా, ఇంకో వారం కూడా ఆగకండి. సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, ముందు ఏం జరిగింది, ఆ రోజు మాత్ర ఎప్పుడు వేశారు అన్నవి రాసి పట్టుకెళ్లండి. మాత్రల స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి. అన్నట్టు, అమ్మ మాత్రలు చెల్లికి పోతుంటే అమ్మ ఏం వేసుకుంటున్నారు? ఆవిడకు మధ్యలో తప్పినా ఆ మందుతో ఇబ్బందే. ఆవిడ డాక్టర్‌కు కూడా ఈ విషయం చెప్పండి.