నాన్నకి పాదంలో స్పర్శ రావట్లేదు, కాపడం పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నకి 64 ఏళ్లు. పోయినేడాది పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి, ఇప్పుడు చాలావరకు కోలుకుని నడుస్తున్నారు కూడా, కానీ ఎడమ పాదంలో స్పర్శ మాత్రం రాలేదు. చెప్పు ఊడిపోయినా తెలియక ఒట్టి కాలితోనే వీధి చివరిదాకా వెళ్లిపోతున్నారు. పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నారు, ఈమధ్య కుడి పాదం కూడా మొద్దుబారినట్టుందంటున్నారు. మా మేనత్తేమో వేడినీళ్ల కాపడం పెడితే స్పర్శ వస్తుందంటోంది, పెట్టొచ్చా?

జవాబు: కాపడం అస్సలు వద్దమ్మా. ఆయన పాదం బాగానే ఉంది, పాదం నుంచి వచ్చే కబురు అందుకోవాల్సిన మెదడులో దెబ్బ తగిలింది, కాబట్టి కాలికి వేడి పెడితే స్పర్శ రాదు సరికదా బొబ్బలెక్కినా ఆయనకి తెలియదు, పైగా షుగర్ ఉంది కాబట్టి ఆ పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. స్నానం నీళ్లు కూడా కుడి చేత్తో చూసుకున్నాకే పోసుకోమనండి.

కుడి పాదం సంగతి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. పక్షవాతం మామూలుగా ఒక పక్కనే పడుతుంది, రెండో పాదం కూడా మొద్దుబారుతోందంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి విటమిన్ బి12 కూడా తగ్గుతుంది, అదీ టెస్ట్ చేయించండి, తక్కువుంటే మందుంది.

హవాయి చెప్పులు మాన్పించేయండి. మడమ వెనక పట్టీ, వెల్‌క్రో ఉన్నవి, లోపల మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) అట్ట ఉన్నవి తీసుకోండి, వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి రాయో మేకో ఉందేమో చూడాలి. ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో తిరగకూడదు. ఎండాకాలం గుడికెళ్తే, బెజవాడ కొండ మీదైనా మీ వీధిలోనైనా, బండలు కాలకముందే పొద్దున్నే వెళ్లి వచ్చేయండి. రాత్రి పడుకునేముందు అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి, ఆయనకి నొప్పి లేదంటే దెబ్బ లేదని కాదు.

ఇంకోటి, చాలామంది ఇళ్లలో పట్టించుకోనిది. నేల ఎక్కడుందో పాదం చెప్పకపోతే ఆ పని కన్ను చేస్తుంది, అందుకే పగలు బాగా నడిచే మనిషి రాత్రి బాత్‌రూమ్‌కి లేచి పడిపోతాడు. మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న బల్బులు వెలుగుతూనే ఉండాలి. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు కూడా తూలతారు, అందుకని కుర్చీ వేసి కూర్చోబెట్టే స్నానం చేయించండి.

స్పర్శ అసలు రాదా అంటే, కొందరికి కొంత వస్తుంది, నెమ్మదిగా. రోజూ కాసేపు ఆయన్ని కళ్లు మూసుకోమని బొటనవేలు పైకో కిందకో కదిపి ఎటు వెళ్లిందో అడగండి, టవలు, గోనెగుడ్డ, దూది మార్చి మార్చి రాసి ఏది రాశారో చెప్పమనండి, తప్పు చెబితే కళ్లు తెరిచి చూడమని మళ్లీ చేయండి. విసుక్కుంటారు, పర్లేదు, మానొద్దు. ఆ కాల్లో మంటలు, సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలైతే మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు, నరాల డాక్టరు వేరే మందు రాస్తారు. ఉన్నట్టుండి కొత్తగా తిమ్మిరి, మూతి వంకర, మాట తడబాటు వస్తే మాత్రం టైమ్ చూసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.